జవాబుకు పది గింజలు

ఖాలా ఫోన్లో బియ్యం ఆట ఆడిందనీ, ఎక్కడో ఆకలితో ఉన్నవాళ్లకు గింజలు పంపిందనీ, అది చూసి పైవాడు ఆమెకు ఆగిపోయిన రేషన్ తిరిగి ఇప్పించాడనీ మార్కాపురంలో ఒక కథ నడుస్తోంది. ఇచ్చినవాళ్లకు వస్తుందన్న నీతి దానికి తోక. మా ప్రిన్సిపాల్ దాన్ని మైకులో పిల్లలకు చెప్పాడు. చీరల దుకాణంలో ముక్కూమొహం తెలియనావిడ నా పక్కన కూర్చుని నాకే చెప్పింది. చేతిలోని చీర అక్కడ పడేసి ఆమెతో అరగంట వాదించాను. "పోనీలెండి మేడమ్, మంచి కథే కదా" అంది చివరికి, నన్ను వదిలించుకోవడానికి.

మంచి కథే, కాదనను. కాకపోతే జరిగింది అది కాదు. బియ్యం తిరిగి రావడానికి కారణం ఆట కాదు, పైవాడి సంగతి నాకు తెలియదు. ఆమె ఆడటానికి కారణం జాలి కాదు. ఈ రెండూ నాకు ఖాయంగా తెలుసు, ఎందుకంటే ఆ నెల రోజులూ నేను పక్క మెట్టు మీదే కూర్చున్నాను. ఆ కథను ఊరి మీదికి వదిలింది కూడా నేనే. అది తర్వాత చెప్తాను.

ఖాలా మా పక్క గదిలో అద్దెకుంటుంది. పిన్ని అని అర్థం ఆ మాటకు. మా వీధిలో తురకలూ హిందువులూ, పాలవాడూ కరెంటు బిల్లు కొట్టేవాడూ అందరూ ఆమెను ఖాలా అనే పిలుస్తారు. భర్త పోయి చాలాకాలమైంది. కూతురు గిద్దలూరులో, దాని సంసారం దానిది. తర్లుపాడు రోడ్డులో రాతిపలకలు చేసే షెడ్డు ఒకటుంది. అక్కడ కోసిన పలకల అంచులు అరగదీసి నునుపు చేయడం ఖాలా పని. ముప్పై ఏళ్లకు పైగా అదే పని. కూలీ రోజుకు కాదు, డజనుకు ఇంతని.

ముప్పై ఏళ్లు రాయిని అరగదీస్తే రాయి ఒక్కటే అరగదు. ఆమె వేళ్ల కొసలు పట్టుకుని చూశాను నేను. గీతలు లేవు. ఒక నెల రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషన్ మీద కుడి బొటనవేలు పెట్టింది, ఎర్రలైటు. ఎడమది పెట్టింది, ఎర్రలైటు. పది వేళ్లూ వరసగా పెట్టింది. కంటిపాప చూపించమన్నారు. శుక్లాల ఆపరేషన్ అయిన కన్ను, దాన్నీ మిషన్ ఒప్పుకోలేదు. ఫోనుకు నంబరు వస్తుంది, అది చెప్పమన్నారు. కార్డుకు ఎక్కించిన ఫోను నంబరు చనిపోయిన భర్తది. అర్జీ పెట్టాం. అర్జీ తీసుకున్నామని ఒక కాగితం ఇచ్చారు.

రెండో నెల నేను కూడా వెంటపోయాను, పోట్లాడదామని.

"ముప్పై ఏళ్లుగా ఈమె మొహం చూస్తున్నావు కదన్నా. ఈమె ఎవరో నీకు తెలియదా?" అని అడిగాను డీలరును.

"నాకు తెలుసు మేడమ్. దానికి తెలియాల" అన్నాడు మిషన్ను చూపించి. "నేనేమన్నా దాచుకుంటానా? పచ్చలైటు వేస్తే బియ్యం వేస్తా. ఎర్రలైటు వేస్తే నేనేం చేసేది?"

నేను ఇంకో నాలుగు మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను. ఖాలా నా చెయ్యి పట్టుకుని లాగింది. "పోట్లాడొద్దు బేటీ. వాడు ఆ మిషన్‌కు కూలోడు. కూలోడితో ఏంది పోట్లాట?"

మూడో నెలకు రంజాన్ వచ్చింది. అదే వారం షెడ్డులో కోత మిషన్ మోటారు కాలిపోయింది. ఆర్డర్లు కూడా లేవు, పండగ అయినాక చూద్దామని యజమాని తాళం వేశాడు. అంటే ఆమెకు కూలీ లేదు, రేషన్ లేదు. ఇవి రెండూ గుర్తుపెట్టుకోండి. ఆట సంగతి దీని తర్వాత వస్తుంది.

నేనొక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. మా ప్రిన్సిపాల్‌కు ఏటా ఒక పిచ్చి పుడుతుంది. ఆ ఏడు సేవావారం. ఇంటర్నెట్‌లో ఒక ఆట ఉంది. పేరెందుకులెండి, తెలిసినవాళ్లకు తెలుసు. తెరమీద ఒక ప్రశ్న, నాలుగు జవాబులు. సరైనదాన్ని తాకితే పది బియ్యపు గింజలు. ప్రశ్న కింద ప్రకటనలు ఉంటాయి, ఆ ప్రకటనలవాళ్లు ఇచ్చే డబ్బుతో బియ్యం కొని ఆకలి ఉన్న దేశాలకు పంపుతారట. పిల్లలూ లెక్చరర్లూ అందరూ ఆడాలి, ఎవరు ఎన్ని గింజలో నోటీసు బోర్డు మీద పెడతాం అన్నాడు.

నేను లేచాను. "ఆకలి మీద క్విజ్ ఏమిటి సార్? మన కాలేజీలో పొద్దున తినకుండా వచ్చే పిల్లలు ఎంతమందో ముందు లెక్క పెడదాం."

"మేడమ్, మీరు ప్రతిదానికీ అడ్డం తగులుతారు. పిల్లలకు ఇంగ్లీషు వస్తుంది, పుణ్యం వస్తుంది. పైసా ఖర్చు లేదు."

"ఖర్చు లేని పుణ్యం ఏ దుకాణంలో దొరుకుతుంది సార్?"

అందరూ నవ్వారు. తీర్మానం మాత్రం అయిపోయింది. మర్నాటికి బోర్డు మీద నా పేరు అట్టడుగున ఉంది, సున్నా గింజలతో. సిద్ధాంతం సిద్ధాంతమే, కానీ హిస్టరీ ఆయన కంటే కింద ఉండటం నావల్ల కాలేదు. ఆ సాయంత్రం మెట్టు మీద కూర్చుని మొదలుపెట్టాను.

"ఏంది బేటీ, ఫోన్‌ను అట్ల పొడుస్తా ఉండావు?" అంది ఖాలా తన గుమ్మంలోంచి.

చెప్పాను. నమ్మలేదు.

"ఊరికే ఎవురిస్తారు?"

"ఊరికే కాదు. కింద ఈ బొమ్మ చూశావా? దీన్ని మనం చూసినందుకు వాళ్లు డబ్బు కడతారు."

ఆమె కళ్లద్దాలు పైకి తోసి చూసింది. వారంలో పొట్ట తగ్గించే పొడి అది. ఒకావిడ తన పాత పెద్ద లంగాను ముందుకు లాగి చూపిస్తోంది.

"సన్నబడేదానికి పొడి అమ్ముకునేటోళ్లు, తిండిలేనోళ్లకు బియ్యం పోస్తా ఉండారా?" ఖాలా చాలాసేపు నవ్వింది. ఉపవాసం, నోరెండిపోయి దగ్గు వచ్చింది. "తిక్కలోకం బేటీ. ఏదీ, ఇటియ్యి."

ఆటలో రకరకాల విభాగాలున్నాయి. ఇంగ్లీషు మాటలు, దేశాల జెండాలు, ఎక్కాలు. ఖాలా నాలుగో తరగతి దాకా చదివింది. అంకెలు వచ్చు, ఎక్కాలు వచ్చు, పన్నెండో ఎక్కం మరీ బాగా వచ్చు. షెడ్డులో పలకలు డజన్ల లెక్కన కట్టలు కడతారు కదా. మూడు ఎనిమిదులు అని వచ్చింది. ఆమె ఇరవై నాలుగును తాకింది. బొమ్మగిన్నెలో పది గింజలు రాలాయి.

"బర్కత్" అంది ఖాలా.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పెద్దారవీడులో మా అమ్మ గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనేది కాదు. లాభం అనేది. లాభం, రెండు, మూడు. అమ్మ అన్న లాభమే ఖాలావాళ్లకు బర్కత్. ఎదురుగా ధాన్యం ఉంటేనే ఆ మాట వస్తుంది నోటికి. నేను అరగంటగా ఆడుతున్నాను, నాకు ఆ మాట రాలేదు. నాకది బోర్డు మీది అంకె. ఆమెకది కొలుస్తున్న బియ్యం.

ఇక్కడిదాకా ఆట ఆటే. మర్నాడు మసీదు కమిటీ నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు, చేతిలో పుస్తకంతో.

ఫిత్రా గురించి తెలియనివాళ్లకు ఒక మాట. రంజాన్ నెల ముగిసి పండగ నమాజుకు వెళ్లేలోపు, కలిగినవాళ్లు ఇంట్లో తలకు ఇంత ధాన్యమో దాని ఖరీదో లేనివాళ్లకు ఇవ్వాలి. మా వైపు తలకు రెండున్నర కిలోలు అనుకుంటారు. పండగ పూట ఎవరూ పస్తుండకూడదని. ఖాలా ఒంటి మనిషి. ఏటా రెండున్నర కిలోల బియ్యం తూకం వేయించి, కొంగున కట్టుకుని తనే తీసుకుపోయి ఇచ్చి వచ్చేది. భర్త పోయిన ఏడు కూడా ఇచ్చింది.

"ఖాలా, ఈసారి నీ పేరు కూడా రాసినాం" అన్నాడు ఆ ఇద్దరిలో పెద్దాయన. "పండగ ముందురోజు ప్యాకెట్ తెచ్చిస్తాం."

"ఏ పట్టీలో రాసినారు భాయ్?"

ఆయన పుస్తకం మూశాడు. "అదే. తీసుకునేవాళ్ల పట్టీలో."

"నాకు లేదని ఎవురు చెప్పినారు మీకు?"

ఆయన నా వైపు చూశాడు. చెప్పింది నేనే. రెండురోజుల కింద ఆయన దుకాణంలో కాఫీపొడి కొంటూ, రేషన్ మిషన్ను తిడుతూ, ఖాలాకు మూడు నెలలుగా బియ్యం లేవని నలుగురిలో చెప్పాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఖాలా నన్ను తిట్టలేదు. "నన్నొక్క మాట అడిగింటే బాగుండు బేటీ" అంది. 

తర్వాత ఆయనతో అంది: "కొట్టేయండి భాయ్. నేను ఇచ్చేదాన్ని."

"ఇస్తే ఇచ్చేవాళ్ల పట్టీలోనే రాస్తాం ఖాలా, మాకేం పంతమా? పండగలోపల చెప్పు."

వాళ్లు వెళ్లాక నేను మూడు కిలోల బియ్యం తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టాను. తీసుకోలేదు. "ఇది పంచితే నీ ఫిత్రా అయితది. నాదెట్ల అయితది?" అప్పుగా తీసుకో అన్నాను. "అప్పుజేసి దానం చేసేది పెద్దోళ్ల గొప్పలకు. నాకెందుకు?" పోనీ ఇంట్లో ఏదన్నా పని చెప్తాను, కూలీ అనుకో అన్నాను. "నీ ఇంట్లో నాకేం పని ఉండాది? దొంగపని చూపించి దొంగకూలీ ఇస్తావా?" నేను వాదనలో గెలవడం అలవాటైన మనిషిని. ఆ పూట మూడు పందేలూ ఓడిపోయాను.

మరుసటి రోజు పొద్దున ఆమే వచ్చింది. "ఆ ఫోన్ ఆట. జవాబుకు పది గింజలు అన్నావు కదా?"

"ఆఁ."

"అంటే కూలీ. షెడ్డులో డజనుకు ఇంత, ఇక్కడ జవాబుకు ఇంత. ఆ పొడి అమ్ముకునేటోళ్లు నాకు కూలీ ఇస్తా ఉండారు. ఆ కూలీ నేను బియ్యంగా పంపిస్తా ఉండా. నా వేలు, నా కన్ను, నా రోజు. అవునా కాదా?"

ఇంటర్నెట్ ప్రకటనల వ్యాపారం గురించి నేను అంతకుముందు చదివిన వ్యాసాలేవీ ఇంత సూటిగా చెప్పలేదు. అవునన్నాను.

"రెండున్నర కిలోలకు గింజలెన్ని?"

ఇదీ ప్రశ్న. నేను ఫోన్లో వెతుకుతానన్నాను. ఆమెకు నమ్మకం లేదు. ఒక్కో బియ్యం ఒక్కో తీరు, ఫోన్‌కు ఏం తెలుసు అంది. నా డబ్బాలోంచి బియ్యం తీసుకుని కిరాణా దుకాణంలో సరిగ్గా వందగ్రాములు తూకం వేయించుకుంది. షెడ్డు నుంచి ఎప్పుడో తెచ్చుకున్న పెద్ద పలక ఒళ్లో పెట్టుకుని, నల్లటి రాయి మీద తెల్లటి గింజలు పన్నెండేసి వరసలు పేర్చింది. ఒక పొద్దంతా కూర్చుంది. నూకలు పక్కకు తోసేసి, వాటి బరువుకు మళ్లీ మంచిగింజలు వేసుకుంది.

"రెండు నూకలు ఒక గింజ కింద వేసుకో ఖాలా" అన్నాను.

"ఫిత్రాలో నూకలు ఇస్తామా? చదువుకున్నదానివి, ఏం మాటలవి."

మూడువందల తొంభై రెండు డజన్లు తేలింది. నేను కాగితం మీద కట్టిన లెక్క: రెండున్నర కిలోలకు లక్షా పదిహేడు వేల ఆరువందల గింజలు. జవాబుకు పది చొప్పున పదకొండు వేల ఏడువందల అరవై సరైన జవాబులు. ఖాలాకు నా అంకె పట్టలేదు. "డజన్లలో చెప్పు" అంది. తొమ్మిదివందల ఎనభై డజన్లు. అప్పటికే మూడు ఉపవాసాలు గడిచాయి. ఇరవై తొమ్మిదో రోజే నెలవంక కనబడుతుందనుకుంటే మిగిలింది ఇరవై ఆరు రోజులు. రోజుకు ముప్పై ఎనిమిది డజన్లు.

"అంతేనా? షెడ్డులో ఇంతకంటే ఎక్కువే చేస్తా" అంది. ఆ గింజలన్నీ చేటలోకి ఎత్తి, నూకలతో సహా నా డబ్బాలో పోసేసింది. "తక్కువుంటే చెప్పు."

నా పాతఫోన్, అద్దం పగిలింది, ఆమెకిచ్చాను. మా ఇంటి వైఫై ఆమె గుమ్మం దాకా అందుతుంది. పొద్దున నమాజయ్యాక మొదలుపెట్టేది. ఎండ ఎక్కేదాకా ఒక విడత, సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఇంకో విడత. డజను పూర్తయితే పలక మీద బలపంతో ఒక గీత. ఫోన్లో లెక్క కనబడుతూనే ఉంటుంది కదా అంటే, "అది దాని లెక్క. ఇది నాది" అనేది. ఆ మాట మంచిదైంది. పదో రోజునో ఏమో ఫోన్ తనంతట తను ఆరిపోయి, తిరిగి తెరిస్తే గింజలు సున్నా అని చూపించింది. నేను ఖాతా తెరిచి ఇవ్వలేదు, చదువుకున్నదాన్నే. ఖాలా పలక తిప్పి చూపించింది. గీతలన్నీ ఉన్నాయి. "పంపినవి పంపినట్లే కదా? కట్టలు లారీ ఎక్కినాక కాగితం పోతే పలకలు వెనక్కి వస్తాయా?"

ఆ ఆటలో ఒక తంత్రం ఉంది. వరసగా సరైన జవాబులు చెప్తే ప్రశ్నలు కష్టమవుతాయి. తప్పు చెప్తే మళ్లీ తేలికవి వస్తాయి. ఖాలాకు ఇరవయ్యో ఎక్కం దాటాక పలక మీద వేసుకోవాల్సి వచ్చేది, చేయి నెమ్మదించేది. రోజు లెక్క తగ్గుతోంది.

"మధ్యలో ఒకటి కావాలని తప్పు కొట్టు. మళ్లీ మూడు నాలుగులు, నాలుగు అయిదులు వస్తాయి. గబగబా అయిపోతాయి" అన్నాను.

ఆమె ఫోన్ పక్కన పెట్టింది. "చెడిపోయిన పలకను కట్ట మధ్యలో పెట్టి డజను లెక్క చూపించేటోళ్లు ఉంటారు షెడ్డులో. నేనెప్పుడూ పెట్టలా."

"ఇది ఆట ఖాలా."

"నీకు ఆట."

తెలియక తప్పు పోతే పోయేది, మళ్లీ తేలికవి వచ్చేవి, అది వేరే సంగతి. తెలిసి మాత్రం ఒక్కటి కొట్టలేదు. సాయంత్రం మసీదు గంజి వచ్చేది వీధిలో అందరికీ. అది తాగి, నేను తెచ్చిన ఖర్జూరాల్లో రెండు తిని, మిగతావి తిరిగిచ్చేది. ఇరవయ్యో రోజున కన్ను ఎర్రబడి ఒక పగలంతా పడుకుంది. ముప్పై ఎనిమిది డజన్లు వెనకబడింది.

ఈలోగా ఆమెకొక సందేహం పట్టుకుంది. ఇది ఫిత్రా కింద చెల్లుతుందా? మసీదులో నమాజు చేయించే హజ్రత్‌ను అడుగుదాం రమ్మంది. ఆయన ఇంటి వరండాలో కూర్చున్నాం. నేను ఎట్లాగూ నోరు మూసుకోలేను కనుక ఆట ఎట్లా నడుస్తుందో నేనే చెప్పాను. ఆయన చిన్నవయసువాడు, శ్రద్ధగా విన్నాడు.

"ఖాలా, నీకు కలిగిందేమీ లేదు. నీ మీద ఫిత్రా బాధ్యతే లేదు" అన్నాడు.

"లేదంటే ఇయ్యొద్దని కాదు కదా హజ్రత్?"

ఆయన కొంచెం నవ్వి, మళ్లీ సీరియస్ అయ్యాడు. "ఇవ్వొచ్చు. కానీ ఇచ్చింది చేతికి అందాలి ఖాలా. లేనివాడి చేతికి. నమాజు లోపల. అక్కడ ఎవరికి, ఎప్పుడు అందుతాయో నీకు తెలుసా?"

ఖాలా నన్ను చూసింది. నేను నేలను చూశాను.

"చెల్లుతుందని నేను ఫత్వా ఇవ్వలేను. అందితే దానం. అందకపోతే నీయత్ మిగులుతుంది, అంటే నీ మనసులో అనుకున్నది. అది చిన్నదేం కాదు" అన్నాడాయన. మేం లేచి వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి ఇంకో మాటన్నాడు. "కమిటీవాళ్లతో నేను చెప్తాలే. నీ పేరు తీసుకునేవాళ్లలోనూ రాయొద్దు, ఇచ్చేవాళ్లలోనూ రాయొద్దు. నీ లెక్క నీకూ అల్లాకూ మధ్య."

దారిలో నేను గెలిచామన్నట్టు ఏదో అన్నాను. వీధి మలుపులో ఖాలా "అందుతాయా బేటీ?" అని అడిగింది. అందుతాయి అన్నాను. తెలియకుండానే అన్నాను.

ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం వీధివీధంతా మిద్దెలెక్కి నెలవంక కోసం చూస్తోంది. పిల్లలు కేకలు. ఖాలా ఒక్కతే గుమ్మంలో కూర్చుని, పలక ఒళ్లో పెట్టుకుని, ఇంకా ఇరవై తొమ్మిది డజన్లు మిగిలి ఉంటే, ఆకాశం వైపు చూడకుండా ఆడుతోంది. "ఈ వీధిలో చంద్రుడు రాకూడదని దువా చేసే పాపిష్టిదాన్ని నేనొక్కదాన్నే" అంది నాతో, వేలు ఆపకుండా. మబ్బో మరేమో, చంద్రుడు కనబడలేదు. ముప్పయ్యో ఉపవాసం దొరికింది.

ఆ మర్నాడు మధ్యాహ్నానికి చివరి గీత గీసింది. పదిహేడు పద్నాలుగులు ఎంత అన్నది చివరి ప్రశ్న. పలక మీద ఖాళీ లేక అరచేతి మీద బలపంతో వేసుకుంది. రెండువందల ముప్పై ఎనిమిది. గింజలు రాలాయి. ఫోన్ నాకు తిరిగిచ్చేసింది. "తుడిచి పెట్టుకో" అంది. అంతే. ఆ సాయంత్రం కమిటీవాళ్లు ప్యాకెట్లు పంచుతూ మా వీధిలోకి వచ్చారు. ఆమె గుమ్మం దగ్గర ఆగలేదు. పెద్దాయన తలవంచి సలాం చెప్పి ముందుకు పోయాడు. ఆమె సలాం తిరిగి చెప్పిన తీరు నాకు గుర్తుంది. నడుం నిటారుగా ఉంది.

ఇక బియ్యం సంగతి. పండగ అయిన వారానికి రేషన్ వచ్చింది. నేను రానన్నాను, ఎర్రలైటు చూసి నా రక్తపోటు పెరుగుతోందని. ఖాలా ఒక్కతే పోయింది. కుడి బొటనవేలు పెట్టిందట. పచ్చలైటు.

డీలరే ముందు అరిచాడట, "ఖాలా, నీ వేలు వచ్చింది!" అని.

నెల రోజులు షెడ్డు మూత. నెల రోజులు ఆ వేళ్లు రాయిని ముట్టలేదు, అద్దాన్నే తాకాయి. చర్మం తనంతట తను మొలిచింది, గీతలు తిరిగి వచ్చాయి. ఇంతే జరిగింది. తర్వాత ఆమె చేతులు పట్టుకుని వెలుతురులో చూశాను. సన్నగా, చిన్నపిల్ల వేళ్ల మీద ఉన్నట్టు, గీతలు.

బియ్యం వచ్చిన మర్నాడు స్టాఫ్‌రూంలో ప్రిన్సిపాల్ నన్ను ఎగతాళి చేశాడు. "మీరు వద్దన్న ఆటను మీ పక్కింటి ముసలమ్మ నెలంతా ఆడిందట కదా మేడమ్?" నాకు మండింది. "అవును సార్. ఆట ఆడింది, ఇంటికి బియ్యం వచ్చాయి. పైవాడు చూస్తూనే ఉంటాడు" అన్నాను. వెటకారం అది. నా గొంతు తెలిసినవాడెవడైనా వెటకారమని పోల్చుకుంటాడు. ఆయన పోల్చుకోలేదు. కళ్లు చెమర్చాయి ఆయనకు. సోమవారం మైకులో చెప్పేశాడు. ఇరవై ఏళ్లుగా నా మాటకు జడిసేవాళ్లను చూశాను కానీ, నా మాటను నమ్మి నన్ను ఇంతగా ఓడించినవాళ్లను చూడలేదు.

ఆ కథ ఖాలా చెవిన పడితే బాధపడుతుందేమో అనుకున్నాను. ఆమె అది విని చెయ్యి విదిలించింది. "చెప్పుకోనీ. వాళ్ల నోళ్లు వాళ్లవి." నేను ఊరుకోకుండా, తెలివిగా ఉందనుకున్న ఒక మాట అన్నాను: ఎక్కడో ఉన్నవాళ్లకు బియ్యం పంపేదానికి పనికొచ్చిన వేలు, నీ బియ్యం నువ్వు తెచ్చుకునేదానికి పనికిరాలేదు చూశావా అని. ఆమె మొహం చిట్లించింది. "అది నువ్వు ఎక్కడన్నా రాసుకో. నాకొకటి చెప్పు."

"ఏంది?"

"నేను పంపిన బియ్యం తీసుకునేటోళ్లు ఎట్లాంటోళ్లు? కూలోళ్లేనా?"

"అయ్యుండొచ్చు. యుద్ధాల్లో ఇళ్లు పోయినవాళ్లు, కరువులో ఉన్నవాళ్లు."

"అక్కడ గూడా ఇట్ల మిషన్ పెట్టి, వేలు పెట్టమంటారా? పచ్చలైటు వస్తేనే ఇస్తారా?"

తెలియదన్నాను.

"కాదు బేటీ, హజ్రత్ ఏమన్నాడు? అందితేనే దానం అన్నాడు. నాలాగే అక్కడ ఒకామె రాళ్లు కొట్టి, మట్టి మోసి, వేళ్లు అరగదీసుకుని వచ్చి నిలబడిందనుకో. ఎర్రలైటు వచ్చిందనుకో. ఆమె ఎనక్కి పోయిందనుకో. అప్పుడు నేను ఇచ్చినట్లా, ఇయ్యనట్లా?"

ఆ రాత్రే కాదు, తర్వాత చాలా రోజులు ఆ ఆట వెబ్‌సైట్ అంతా వెతికాను. నవ్వుతున్న పిల్లల ఫొటోలున్నాయి. లెక్కలున్నాయి. ఆ ప్రశ్నకు జవాబు నాకు దొరకలేదు. ఒక ఈమెయిల్ రాశాను, నాకు చేతనైన మంచి ఇంగ్లీషులో, వెటకారం లేకుండా. వెంటనే జవాబు వచ్చింది. ఆకలి మీద మీ పోరాటానికి ధన్యవాదాలు, మీలాంటివాళ్ల వల్లే ఇది సాధ్యం అని. మిషన్ రాసింది. మళ్లీ రాశాను. మళ్లీ అదే.

షెడ్డు తెరిచారు. ఖాలా మళ్లీ పనికి పోతోంది. ప్రతినెలా రేషన్‌కు ముందు మూడురోజులు సెలవు పెట్టి, వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని కూర్చుంటుంది. ఒక్కోనెల పచ్చ, ఒక్కోనెల ఎర్ర. ఆ గీతల పలక ఆమె గదిలో గోడకు ఆనించి ఉంది, తుడవలేదు. నేను కాలేజీ నుంచి రాగానే ఇప్పటికీ ఒక మాట అడుగుతుంది, కూర తాలింపు వేస్తూనో, చెప్పులు విడుస్తూనో: ఏమన్నా రాసినారా వాళ్లు?

లేదంటాను. చదువు చెప్పేదాన్ని, వాదించేదాన్ని, ఆమెకు ఇవ్వాల్సిన ఒక్క జవాబు నా దగ్గర లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, తెలిసినవాళ్లు ఎవరన్నా చెప్తారని. తొమ్మిదివందల ఎనభై డజన్ల జవాబుల బియ్యం ముందు, ఎక్కడో ఒక వరసలో నిలబడ్డ ఆ మనిషిని, ఏ వేలు పెట్టమన్నారు?